వద్దన్న పనులే చేయండి: పాత వైసు బాగుచేసేవాళ్లకు నా సలహాలు

పాత ఇనప సామాన్ల కొట్లో బెంచి వైసు కనబడితే బేరమాడకండి. అడిగినంత ఇవ్వండి. చేతిలో ఉంటే ఇంకొంచెం ఎక్కువే ఇవ్వండి.

మార్కాపురంలో ఈ మాట అన్నందుకు మా ఇంట్లోనే నన్ను వింతగా చూశారు. కానీ ఆలోచించే చెబుతున్నాను. వైసు ఒళ్లంతా బీడు. కొట్టువాడి దగ్గర బీడు సామాను ఎక్కువ రోజులు సామానుగా ఉండదు. సమ్మెటతో నాలుగు దెబ్బలు వేసి, ముక్కల్ని బస్తాలకెత్తి, పోత పనివాళ్లకు పంపించేస్తాడు. మీరు గంటసేపు నిలబడి వంద తగ్గించుకున్నారనుకోండి, వంద మీ జేబులో ఉంటుంది, ఈసారి వచ్చే వైసు సమ్మెట కిందకు పోతుంది. ఎక్కువిచ్చిన మనిషయితే అతనికి గుర్తుంటాడు.

నాది స్టేషనుకు పోయే దారిలో ఉన్న ఒక కొట్లో దొరికింది. పైన సైకిలు ఫ్రేములు, కింద అది.

"కిలోల లెక్కే సార్, కాటా మీద పెడతా."

"కిలోల లెక్క వద్దు భాయ్. వైసుకెంతో చెప్పు."

"వైసు రేటు మాకేం తెలుసు సార్? అయినా ఇది పన్జేసేది కాదు. మర పట్టేసింది."

కాటా మీద 23 కిలోలు తూగింది. దవడ వెడల్పు 5 అంగుళాలు. బీడు ధరకు రెట్టింపు ఇచ్చాను. ఆయన డబ్బు లెక్కపెట్టుకుని, నన్నూ వైసునూ మార్చి మార్చి చూసి, "ఇట్టాంటివి ఇంకా వస్తే ఫోన్ చెయ్యనా?" అని నంబరు రాసుకున్నాడు. నేను ఎక్కువిచ్చింది ఆ ఫోను కోసమే.

మా వైపు పాత వైసులకు ఒక చరిత్ర ఉంది. మార్కాపురం పలకల ఊరు. బడికి పోయే పిల్లల చంకలో చెక్కచట్రం పలక ఉన్న రోజుల్లో ఇక్కడి షెడ్లలో కోత మిషన్లు పొద్దస్తమానం తిరిగేవి. ప్రతి షెడ్డులో ఒక మూల బ్లేళ్లు, బేరింగులు, షాఫ్టులు బాగుచేసుకునే బల్ల, ఆ బల్ల అంచున ఒక వైసు. నోటు పుస్తకాలొచ్చి, ప్లాస్టిక్ పలకలొచ్చి బడిపలక వెనకబడింది. నేలకూ గోడకూ పరిచే రాతి పలకలతో కొన్ని షెడ్లు నిలబడ్డాయి, కొన్ని మూతబడ్డాయి. మూతబడ్డ షెడ్డులో ముందు మోటారు అమ్ముడుపోతుంది, ఆఖరికి మిగిలేది ఈ వైసే. నల్లమల గుండా పోయే మన గుంటూరు–గుంతకల్లు లైను ఒకప్పుడు మీటరు గేజి, 1990ల్లో బ్రాడ్‌గేజి అయింది. దొనకొండ, కంభం, గిద్దలూరు మీదుగా ఆ లైను వెంబడి ఊళ్లలో రైల్వే ఇనుము అంటూ అప్పుడప్పుడూ ఏవో బయటపడుతుంటాయి. వైసు మీద రైల్వే ముద్ర ఉండి, అమ్మేవాడు వేలం రసీదు చూపించలేకపోతే, ఎంత మంచి వైసైనా ముట్టుకోకండి. 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం ప్రకారం, దొంగసొత్తని అనుమానం వచ్చిన సామాను తన దగ్గరికి ఎలా వచ్చిందో చెప్పుకోలేనివాడు దోషే.

పేరు కోసం మాత్రం వెతక్కండి. షెఫీల్డు రికార్డు, షిప్లీ పార్కిన్‌సన్, షికాగో విల్టన్ అని తెలిసినవాళ్లు పేర్లు జపిస్తారు. విల్టన్ అన్నది కనిపెట్టినవాడి పేరు కూడా కాదు. 1941లో ఆ కంపెనీ పెట్టిన హ్యూ వోగల్ తన కార్ఖానా ఉన్న వీధి పేరు పెట్టుకున్నాడు. నా వైసు మీద అక్షరాలు అరిగి 'ఇంగ్లండ్' అన్న మాట ఒక్కటే మిగిలింది. నాకది చాలు.

ఇంటికి తెచ్చాక వారం రోజులు బలం పెట్టే పనేదీ చేయకండి. ఈ మాట ఎవరికీ నచ్చదు, నాకు తెలుసు. పట్టేసిన మరను చూడగానే చెయ్యి సుత్తి మీదకు పోతుంది. హ్యాండిలుకు పైపు తొడిగి ఇద్దరు పట్టుకుని తిప్పమంటారు, గ్యాసు మంట పెట్టమంటారు. మెత్త ఇనుములో కార్బను నూటికి పావు వంతు కూడా ఉండదు, బీడులో 2 నుంచి 4 దాకా ఉంటుంది. అందుకే మెత్త ఇనుము దెబ్బ తగిలితే వంగుతుంది, బీడు వంగదు, పగులుతుంది. ఒకచోట మంట పెడితే అక్కడ ఉబ్బి పక్కన చల్లగా ఉండి, ఆ రెంటి మధ్య చీలిక వస్తుంది.

నా మొదటి వైసు అలాగే పోయింది. నేనే ఓపిక పట్టలేక ఒక వర్కుషాపుకు తీసుకెళ్లాను. మూడడుగుల పైపు తొడిగారు. టక్కుమని ఒక్క శబ్దం, కదిలే దవడ మెడ దగ్గర రెండు ముక్కలు. విరిగినచోట కల్లుప్పు రాశిలా బూడిదరంగు గింజలు మెరుస్తూ కనపడ్డాయి. బీడును వెల్డింగు చేయడానికి నికెల్ రాడ్డు కావాలి, ముందు మొత్తం వేడి చేయాలి, తర్వాత బూడిదలో పూడ్చి మెల్లగా చల్లార్చాలి. అంతా చేసినా దవడ మెడ మోసే బరువుకు ఆ అతుకు మీద నాకు నమ్మకం లేదు. ఆ ముక్కల్ని మళ్లీ కొట్టుకు పంపలేక ఇప్పటికీ అటక మీద ఉంచాను.

కాబట్టి వారం రోజులు డీజిలూ ఇంజను ఆయిలూ సగం సగం కలిపి, మర లోపలికి దిగేచోట పొద్దున నాలుగు చుక్కలు, సాయంత్రం నాలుగు చుక్కలు. చుక్క వేసినప్పుడల్లా చెక్కసుత్తితో హ్యాండిలు బుడిపె మీద చిన్నగా తట్టండి, తలుపు తట్టినంత. నాలుగోరోజు మర చుట్టూ తుప్పురంగు నూనె ఊరింది. ఆరోరోజు పొద్దున వట్టి చేత్తో తిప్పితే వెంట్రుకవాసి కదిలింది. కదలగానే ముందుకే తిప్పుకుంటూ పోకండి. అంత ముందుకు, అంత వెనక్కి, మళ్లీ నూనె. పూర్తిగా విప్పడానికి ఇంకో రెండు రోజులు పట్టింది.

విప్పాక లోపలి మురికిని వెంటనే కడగకండి. ముందు చూడండి.

కదిలే దవడను బయటికి లాగి, లోపల ఉన్న నట్టును తీసి వేలు పెట్టాను. గ్రీజు అనుకున్నది గ్రీజు కాదు. గోరుకు గట్టిగా తగిలింది. చాకు మొనతో గీకితే పొరలుగా లేచింది, లేత నీలం కలిసిన బూడిదరంగు. నీళ్లలో వేసి వేళ్ల మధ్య నలిపితే మెత్తగా అయి, ఆరాక గోరు మీద తెల్లగా మిగిలింది. పలక దుమ్ము. ఎన్నేళ్లుగానో గ్రీజులో కలిసి, ఎండి, మర సందుల్లో అచ్చు పోసినట్టు గట్టిపడిపోయింది. ఈ వైసు ఏ షెడ్డులో పనిచేసిందో కొట్టువాడికి తెలియదు, నాకూ తెలియదు, ఏ పని చేసిందో మాత్రం ఆ ముద్ద చెప్పింది. దాన్ని చిన్న సీసాలో వేసి మూత పెట్టాను.

గ్రీజు దట్టంగా పూయమని అందరూ చెబుతారు. పూయకండి. బయటికి కనపడే మరకు పూసిన గ్రీజు దుమ్మునీ ఇనపరజనునూ పట్టి ఉంచుతుంది. పలక దుమ్ములో ఉన్న సిలికా ఇనుముకన్నా గట్టిది. గ్రీజుతో కలిస్తే అది నూరుడు ముద్ద అవుతుంది, తిప్పినప్పుడల్లా మరను అరగదీస్తుంది. నూనెగుడ్డతో తుడిచి, పల్చగా నూనె రాస్తే చాలు. నెలకోసారి మళ్లీ తుడవాలి, అంతే. ఆ దుమ్ము మనిషికీ మంచిది కాదు. పొడిగా ఉండగా ఊదకండి, తడిగుడ్డతో తీయండి.

తుప్పు వదిలించడానికి గ్రైండరు వద్దు. అయిదు నిమిషాల్లో అద్దంలా వస్తుందని గ్రైండరు ఉన్న ప్రతివాడూ అంటాడు. నిజమే, వస్తుంది. అక్షరాలు పోతాయి, అంచులు గుండ్రంగా అవుతాయి, కుదిరి కూర్చోవాల్సిన జాగాలు ఊగుతాయి. మరుగుదొడ్డి కడిగే యాసిడ్డూ వద్దు. అది తుప్పుతోబాటు ఇనుమునూ తింటుంది, దాని ఆవిరికి అదే గదిలో ఉన్న ఆకురాళ్లూ స్పానర్లూ తెల్లారేసరికి ఎర్రబడతాయి.

ప్లాస్టిక్ డ్రమ్ము, బట్టల సోడా, 12 వోల్టుల బ్యాటరీ ఛార్జరు తీసుకోండి. లీటరు నీటికి చెంచాడు సోడా. వైసు ముక్కకు నెగెటివు వైరు, పక్కన వేలాడదీసిన పనికిరాని ఇనపరేకుకు పాజిటివు. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. వైర్లు తారుమారైతే రేకు బదులు వైసు కరుగుతుంది, అందుకని ఛార్జరు వేసేముందు ఇంకొకరిని పిలిచి చూపించండి. రేకు స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టకండి, అందులోంచి విషపు క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. సోడాకు బదులు ఉప్పు వేయకండి, క్లోరిను వస్తుంది. బుడగలుగా లేచేది హైడ్రోజను కాబట్టి ఈ పని ఆరుబయటే చేయాలి, దగ్గర్లో బీడీ కూడా వెలిగించకూడదు. ఒక రాత్రికి తుప్పు నల్లటి మసిగా మారుతుంది, బ్రష్షుతో రుద్దితే ఊడొస్తుంది, కింది ఇనుము గీత పడకుండా ఉంటుంది. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువని తాగేనీళ్లు డబ్బాలతో కొనుక్కుంటాం. ఈ పనికి ఆ నీళ్లు అక్కర్లేదు, బోరు నీళ్లు సరిపోయాయి.

పాత రంగు ఉంటే పొడిగా గీకకండి. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో అమలుకొచ్చింది 2017 నవంబరులోనే. అంతకుముందు రంగుల్లో ఎంత ఉందో పైకి చూస్తే తెలియదు. ఆ సోడా తొట్టిలోనే రంగూ మెత్తబడుతుంది, తడిమీదే తీసేయవచ్చు.

ఇక బాగుచేయకుండా వదిలేయాల్సినవి. నా సలహాల్లో జనానికి అన్నిటికన్నా నచ్చనిది ఇదే.

స్థిరంగా ఉండే దవడ వెనక చిన్న దాగలి లాంటి చదును ఉంటుంది. నా దాని మీద సుత్తి గుంటలు యాభైకి పైనే. పుట్టీ పెట్టి నింపమన్నారు. నింపలేదు. గుంటలన్నీ కుడివైపున్నాయి. కొట్టినవాడు ఎక్కడ నిలబడేవాడో, ఏ చేతివాటమో అవి చెబుతున్నాయి. వాటివల్ల పనికి వచ్చే నష్టం లేదు.

మరలో ఆట ఉంటే ఉండనివ్వండి. హ్యాండిలు పావు చుట్టు ఊరికే తిరిగి తర్వాత దవడ కదులుతుంది. లేత్ షాపులో చూపిస్తే మర మార్చాలన్నారు. బిగించేటప్పుడు మర ఒకేవైపు ఆనుకుంటుంది, ఆట ఎంతున్నా పట్టు తగ్గదు. చదరపు మర అంచులు అరిగి కత్తిలా పదునెక్కితే అప్పుడు మార్చండి, అప్పటిదాకా వద్దు. హ్యాండిలు కడ్డీ వంగి ఉంటే సాఫు చేసుకోండి గానీ గట్టి స్టీలు కడ్డీ వేయకండి. అది మెత్త ఇనుముతో చేసిందే వంగడానికి. మనం హద్దు మీరి బిగిస్తే ముందు అది వంగి దవడను కాపాడుతుంది. పైపు తొడిగేవాళ్లకు ఈ మాట చెప్పి చెప్పి నాకు విసుగు రాలేదు, ఇంకా చెబుతాను.

బోల్టుల సంగతి. పాత ఇంగ్లండు వైసుల బోల్టులు విట్‌వర్త్ మర, 1841లో జోసెఫ్ విట్‌వర్త్ పెట్టిన లెక్క. అర అంగుళం బోల్టుకు అంగుళానికి 12 చుట్లు. ఇప్పుడు కొట్లో దొరికే 12 మిల్లీమీటర్ల నట్టు చూడటానికి అదే సైజు. కానీ సరిగ్గా ఎక్కదు. అప్పుడు బలవంతం చేస్తే రెండు మరలూ పోతాయి. పాతవాటినే తోమి, నూనె పెట్టి, వాడుకోండి.

దవడ పలకలు మాత్రం కొత్తవి వేయక తప్పలేదు, అరిగి నడుమ పల్లం పడింది. గళ్లగళ్లుగా పళ్లున్నవి కొనమంటారు. నేను నున్నటివి చేయించాను. లారీ కమాను కట్ట ముక్కను కమ్మరి కొలిమిలో ఎర్రగా కాల్చి, అయస్కాంతం అంటుకోవడం మానేసేదాకా ఉంచి, ఊకబూడిదలో రాత్రంతా పూడ్చాడు. తెల్లారి మెత్తబడ్డ కట్టకు బెజ్జాలు వేసి, ఆకురాయితో సాపు చేసి, మళ్లీ కాల్చి నూనెలో ముంచి, పొయ్యి సెగ మీద కాస్త పదును తగ్గించాడు. కొడవళ్లు కొట్టే మనిషికి ఇది అలవాటైన పని. నున్నటి దవడ పట్టుకున్నదాని మీద గాటు పెట్టదు. ఇత్తడి కుళాయిని పట్టినా మచ్చ పడదు. పళ్లు లేకపోతే జారుతుందన్నారు. రెండు ముఖాలూ సమంగా ఆనితే జారదు. రెంటి మధ్య సిగరెట్ పెట్టె రేకు కాగితం పెట్టి బిగించి చూడండి, నాలుగు మూలలా లాగినా రాకూడదు.

రంగు వేయకండి. అవిసె నూనె, రంగుల కొట్లో లిన్సీడ్ ఆయిలంటే ఇస్తారు, ఎండలో వెచ్చబెట్టిన వైసుకు పల్చగా పూసి తుడిచేయండి. మూడుసార్లు. నల్లటి గోధుమరంగు వస్తుంది. ఒక్క జాగ్రత్త, ఆ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. బయట తీగ మీద విప్పి ఆరేయండి.

ఇప్పుడు స్టాండు. చక్రాలున్నది చేయించుకోమన్నారు, లారీ రిమ్ము మీద పైపు వెల్డింగు చేయిస్తే ఎక్కడికైనా దొర్లించుకోవచ్చన్నారు. మంచి స్టాండే, చాలామందికి పనికొస్తుంది. అయితే నేను చెప్పేది కదలని స్టాండు. వైసు కదలకపోతేనే ఆకురాయి కోస్తుంది. స్టాండు వణికితే ప్రతి దెబ్బలో సగం నేలలోకి పోతుంది. కమ్మరి దాగలి కింద మొద్దు ఎందుకు పాతుకుంటాడో అందుకే నేనూ పాతాను.

సామిల్లులో బిల్లుతో కొన్న తుమ్మ మొద్దు, ఏడాది ఎండింది, బెరడు తీసింది, అడ్డంగా 14 అంగుళాలు. ఎత్తు లెక్క ఐటీఐ ఫిట్టర్లకు మొదటిరోజే నేర్పేది. నిటారుగా నిలబడి మోచేయి దవడ మీద ఆనిస్తే పిడికిలి గడ్డానికి తగలాలి. నా మోచేయి నేలనుంచి 42 అంగుళాలు. వైసు ఎత్తు 8 పోతే మొద్దు నేలపైన 34, నేలలో 24, మొత్తం 58 అంగుళాలు. మీ మోచేయి కొలత మీది, నాది వాడకండి.

గుంతలో సిమెంటు పోయమన్నారు. పోయకండి. సిమెంటు గిన్నెలాగా నీళ్లు పట్టి ఉంచి చెక్కను కుళ్లబెడుతుంది. మా ఊళ్లో ఎటు చూసినా పలక తుక్కు గుట్టలు. రెండు బస్తాలు తెచ్చి, గుంత అడుగున ఒక బండపలక పరిచి, మొద్దు కాలికి వేడి తారు పూసి నిలబెట్టి, చుట్టూ పలక ముక్కల్ని నిలువుగా దూర్చుతూ గునపంతో కూరాం. పైనుంచి కొట్టేకొద్దీ అవి ఒకదాంట్లో ఒకటి బిగుసుకుంటాయి. వాన నీళ్లు సందుల్లోంచి దిగిపోతాయి. వైసు కింద మాత్రం పలక పెట్టకండి, సుత్తి దెబ్బకు పొరలుగా విడిపోతుంది.

మొద్దు తలకు బండి చక్రానికి పట్టా ఎక్కించినట్టే ఇనప పట్టా కాల్చి ఎక్కించాం. నీళ్లు పోయగానే కుంచించుకుని పట్టేసింది, ఇక మొద్దు చీలదు. నిలువు చెక్కలోకి దిగే మేకులూ స్క్రూలూ వదులవుతాయి కాబట్టి వాటిని నమ్మలేదు. 10 మిల్లీమీటర్ల ప్లేటుకు రెండు పక్కలా పట్టీలు దింపి, మొద్దుకు అడ్డంగా బోల్టులు పోనిచ్చి బిగించాను. వైసు బోల్టులు ప్లేటు కిందనుంచి ముందే పైకి లేచి ఉంటాయి. వైసును ఎత్తి వాటి మీద దించి నట్లు వేయడమే. స్థిర దవడ ముఖం మొద్దు అంచు దాటి అంగుళం బయటికి రావాలి, లేకపోతే పొడుగు కడ్డీని నిలువుగా పట్టలేరు.

మొద్దును పాతింది మా ప్రహరీ బయట, వేపచెట్టు కింద. ఇది మా ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. పనిముట్టు పరాయి చేతికి ఇవ్వకూడదంటారు. నా మాట వేరు. రోజూ తిరిగే మరకు తుప్పు పట్టదు, నేనొక్కణ్నే అయితే వారానికోసారి తిప్పుతాను. పొద్దున పాలవాడు సైకిలు పెడలు సాపు చేసుకుంటాడు. పొలానికి పోయేవాళ్లు కొడవలి పిడి బిగించుకుంటారు. వెనకవీధి పిల్లవాడొకడు ఐటీఐలో ఫిట్టరు మొదటి సంవత్సరం, సాయంత్రాలు వచ్చి ఇనప ముక్కను చదరంగా రాకుతుంటాడు. మొదట్లో హ్యాండిలుకు పైపు వెతికాడు. మొదటి వైసు ముక్కల్ని అటకమీదనుంచి దించి చూపించాను.

"ఇది కలవదా సార్?"

"కలవదు నాయనా."

విరిగిన చోట వేలితో రాసి చూసి, ఏమీ అనకుండా వెళ్లి చేత్తోనే బిగించాడు. వానలొస్తున్నాయి. పోయేటప్పుడు దవడలు పూర్తిగా మూయకుండా వేలెడు సందు ఉంచమనీ, మూస్తే ఆ సందులో తడి నిలుస్తుందనీ చెప్పాను. ఇప్పుడు నూనెగుడ్డ తనే తెచ్చుకుంటున్నాడు.